కంపెనీ లేని పాటకు అండ ఎవరు? బ్రెజిల్ ఎలక్ట్రానిక్ పాప్‌లో ఒక తొలి ఆల్బమ్ చుట్టూ

2018 కార్నివాల్‌లో బ్రెజిల్ వీధులను ఊపేసిన పాటల్లో ఒకటి ఎంసీ లోమాది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఊరు రెసిఫే నగరాన్ని ఆనుకుని ఉండే జబోవాతావ్. కవలలైన ఇద్దరమ్మాయిలను వెంటేసుకుని తమ పేటలోనే తీసుకున్న వీడియో ఫోన్ల మీదుగా పాకి, పండగ నాటికి దేశమంతా తెలిసిపోయింది. ఆ ఏప్రిల్‌లోనే దూదా బీట్ అనే గాయని తన తొలి ఆల్బమ్ ‘సింతు ముయింతు’ను విడుదల చేసింది. ఈమెది రెసిఫే నగరమే, కాకపోతే అప్పటికే రియో డి జనీరోలో స్థిరపడింది.

ఆ పాట మొదలైనప్పుడు గానీ, ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు గానీ వెనక పెద్ద రికార్డు కంపెనీ లేదు. ఇద్దరి పాటల్లోనూ రెసిఫే వాడల్లో పెరిగిన బ్రెగా అనే ప్రేమపాటల బాణీ ఉంది, ఇద్దరి దరువూ కంప్యూటర్‌లో కట్టిందే. అయినా మొదటిదాన్ని పత్రికలు ‘వైరల్’ అన్నాయి, రెండోదాన్ని ‘ఇండీ’, అంటే స్వతంత్ర సంగీతం, అన్నాయి. విమర్శకులు ఏడాది చివర వేసుకునే మంచి ఆల్బమ్‌ల జాబితాల్లోకి ఎక్కింది రెండోదే. దూదా బీట్ ఆల్బమ్ నాకు ఇష్టం. ఇష్టమైనా సరే, స్వతంత్ర సంగీతం అన్న మాట బ్రెజిల్‌లో ఎవరికి గౌరవమిస్తుందో, ఎవరికి ఇవ్వదో ఈ ఆల్బమ్ పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అక్కడ స్వతంత్రులు రెండు రకాలు. కంపెనీ వద్దనుకున్నవాళ్లు కొందరు, కంపెనీలు గుమ్మం తొక్కనివ్వనివాళ్లు మరికొందరు. ఎలక్ట్రానిక్ పాప్‌లో కొత్తదనమని మెచ్చుకునే సౌండు చాలావరకు రెండో రకంవాళ్లు తయారుచేసిందే.

బ్రెగా అంటే ముఖం చిట్లించిన కాలం

బ్రెగా అనేది బార్లలో, బస్‌స్టాండ్లలో, పనివాళ్ల ఇళ్లలోని రేడియోల్లో మోగిన ప్రేమపాట. మోసపోయిన మొగుడు, మందు పోసే సర్వరుతో చెప్పుకునే బాధ, దాచుకోకుండా ఏడ్చే గొంతు ఇందులో ఉంటాయి. రెసిఫేలో దీనికి రాజు రెజినాల్దో హోసీ. 2013లో ఆయన చనిపోయేనాటికి ఊరు ఊరంతా ఆయన పాటలు నోటికి వచ్చినవాళ్లే. కానీ ‘బ్రెగా’ అని పిలవడంలోనే వెటకారం ఉండేది. చదువుకున్న మధ్యతరగతి ఇంట్లో కవిగాయకుడు చీకో బువార్కి రికార్డు నలుగురికీ కనిపించేలా అలమారలో ఉండేది, హోసీ పాట వంటింట్లో సన్నగా మోగేది.

1990ల మొదట్లో అదే రెసిఫేలో మరో అల లేచింది. ఊరి చుట్టూ మడ అడవులు, బురద, అందులో పీతలు పట్టుకుని బతికే జనం. ఆ బురదలో పాతిన డిష్ యాంటెనాను గుర్తుగా పెట్టుకుని కొందరు కుర్రాళ్లు మాంగిబీట్ ఉద్యమం మొదలుపెట్టారు. పీతల పేరు మీదే 1992లో ఒక మేనిఫెస్టో కూడా రాసుకున్నారు. మరకతు ఊరేగింపుల్లో వాయించే బరువైన అల్ఫాయా డోళ్లను రాక్‌తో, హిప్‌హాప్‌తో కలిపి షీకో సైన్స్, నసావ్ జుంబీ బృందం చేసిన తొలి ఆల్బమ్ 1994లో వచ్చింది. 1997 ఫిబ్రవరిలో షీకో సైన్స్ కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు. ఆ ఉద్యమం మాత్రం బ్రెజిల్ ఆధునిక సంగీత చరిత్రలో గట్టిగా నిలిచిపోయింది. దూదా తన పేరు పక్కన పెట్టుకున్న ‘బీట్’ ఆ మాంగిబీట్ గౌరవార్థమే.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ప్రత్యామ్నాయం, తిరుగుబాటు అని మనం తలుచుకునే ఆ ఆల్బమ్‌ను విడుదల చేసింది బహుళజాతి కంపెనీ సోనీ. ఆ ఉద్యమంలోని మరో ముఖ్య బృందం ‘ముందు లీవ్రి ఎస్.ఎ.’ మొదటి రికార్డు బంగెలా అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. దాని వెనకా వార్నర్ ఉంది. ఆ కాలంలో నిజంగా కంపెనీ లేకుండా, సొంత డబ్బుతో, సొంత సంచుల్లో క్యాసెట్లు, సీడీలు మోసుకుని అమ్ముకున్నది బ్రెగా వాళ్లలో చాలామంది. వాళ్లను ‘ఇండీ’ అని పిలిచినవాళ్లు లేరు.

బెలేంలో అప్పటికే నడుస్తున్న బేరం

అమెజాన్ నది ముఖద్వారం దగ్గరి బెలేం నగరానికి వెళ్తే ఈ సంగతి ఇంకా సూటిగా తెలుస్తుంది. కరీబియన్ దీవుల రేడియోలు, మెరెంగే, జూక్, గిటారు మీద వాయించే లంబాడా, వీటన్నిటి మీదుగా పెరిగిన ఊరది. అక్కడి బ్రెగాకు 2000ల మొదట్లో కంప్యూటర్ దరువు తగిలి టెక్నోబ్రెగా పుట్టింది. వేగం పెరిగింది. కీబోర్డు సన్నగా గీసినట్టు మోగుతుంది. గొంతు మాత్రం పాత ప్రేమపాటలాగే గుండెలు బాదుకుంటుంది.

దాని వ్యాపారం పాటకన్నా ఆసక్తిగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లోనే ఒక గది స్టూడియో అయ్యేది. పాట పూర్తయితే గాయకుడు దాన్ని డీజేకి ఉచితంగా ఇచ్చేవాడు. డీజే ఎవరంటే, అపరెల్యాజెమ్ అనే భారీ సౌండు బాక్సుల మేళాన్ని నడిపేవాడు. గోడలంత బాక్సులు, లైట్లు, పొగ, విమానం కాక్‌పిట్‌లాంటి గద్దె. వేలమంది వచ్చే ఆ పార్టీల్లో పాట ఆడితే, మర్నాటికి వీధి వ్యాపారులు సీడీల మీద కాపీలు తీసి చవగ్గా అమ్మేవాళ్లు. గాయకుడికి ఆ సీడీ మీద పైసా వచ్చేది కాదు. పేరు వచ్చేది. ఆ పేరుతో షోలు దొరికేవి, డబ్బు వచ్చేది షోల మీదే. పైరసీ అని మిగతా ప్రపంచం కేసులు పెడుతున్న పనిని ఇక్కడ పంపిణీ వ్యవస్థగా వాడుకున్నారు. రియోలోని జెతూలియో వార్గాస్ ఫౌండేషన్ పరిశోధకులు దీన్ని అధ్యయనం చేసి పుస్తకం వేశారు. స్పాటిఫై బ్రెజిల్‌లో అడుగుపెట్టింది 2014లో. పాటను ఉచితంగా వదిలి వేదిక మీద సంపాదించుకోవడం బెలేంకి అంతకు పదేళ్ల ముందే అలవాటైపోయింది.

ఆ ఊళ్లోని జురునాస్ పేట అమ్మాయి గాబీ అమరాంతోస్. చర్చిలో పాడుతూ మొదలై, టెక్నో షో అనే బృందంతో స్థానికంగా పేరు తెచ్చుకుంది. ఆమె మొదటి సోలో ఆల్బమ్ ‘త్రేమి’ 2012లో వచ్చింది. దాన్ని ముందుండి నడిపించిన కార్లోస్ ఎదువార్దో మిరాందా, మాంగిబీట్ రోజుల్లో బంగెలా లేబుల్ నడిపినవాళ్లలో ఒకడు. అంచుల్లోని సౌండును పసిగట్టి నడిమధ్యకు తేవడంలో ఆయనకున్న చెవి బ్రెజిల్‌లో మరొకరికి లేదనిపిస్తుంది నాకు. ‘త్రేమి’ మాత్రం దేశమంతా తెలిసింది ఇంకో దారిలో. అందులోని ఒక పాట గ్లోబో చానల్ టెలినోవెలాకు, అంటే టీవీ సీరియల్‌కు, టైటిల్ సాంగ్ అయింది. మన దగ్గర సినిమాలో పడిన పాటకు, బయట వచ్చిన పాటకు ఉండే తేడా ఎంతో, బ్రెజిల్‌లో టెలినోవెలాలో పడిన పాటకు, పడని పాటకు అంత తేడా. ఆ సీరియళ్ల పాటలు అమ్ముకోవడానికే గ్లోబో సంస్థ సోం లీవ్రి అనే రికార్డు కంపెనీ పెట్టింది. ‘త్రేమి’ని విడుదల చేసిందీ అదే. అంటే బెలేం స్వతంత్ర సంగీతం దేశానికి పరిచయమయ్యేటప్పటికి దాని పక్కన దేశంలోనే అతిపెద్ద టీవీ సంస్థ నిలబడి ఉంది.

దూదా బీట్ ఏం చేసింది

ఆరేళ్ల తర్వాత ‘సింతు ముయింతు’ వచ్చినప్పుడు దానికి టెలినోవెలా అండ లేదు. దూదా అసలు సంగీతంలోకి ఆలస్యంగా వచ్చింది. మెడిసిన్ ఎంట్రన్సు రాసి రాసి సీటు రాక, చివరికి రియోలో రాజనీతి శాస్త్రం చదివింది. (లాంగ్‌టర్మ్ కోచింగ్ బాధ తెలిసిన మన పాఠకులకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.) మధ్యలో ఒకదాని మీద ఒకటి తిరిగిరాని ప్రేమలు. ఆ స్థితిలో పది రోజుల మౌన ధ్యానానికి వెళ్లింది. అది విపశ్యన. మయన్మార్‌లో పుట్టిన గోయెంకా 1969 నుంచి భారతదేశంలో నేర్పుతూ వచ్చిన పద్ధతి. హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్తలో మనవాళ్లు చేసేది కూడా ఇదే. ఫోన్, పుస్తకం, మాట ఏవీ లేని పది రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. ప్రతి రాత్రీ ప్రవచనంలో వినిపించే పాళీ మాట ‘అనిచ్చ’, అనిత్యం. ఆల్బమ్‌లో ఒక పాట పేరు సరిగ్గా అదే. అక్కడినుంచి బయటికొచ్చాక తన బాధను పాటలుగా రాయడం మొదలుపెట్టింది.

రాసినవాటిని తోమాస్ త్రోయియా, లుక్స్ ఫెరేరా అనే ఇద్దరు స్నేహితుల దగ్గరికి తీసుకెళ్లింది. ఆల్బమ్ సౌండు వాళ్లది. అడుగున లోతైన బాస్, పైన తేలే సింథసైజరు, మధ్యలో బ్రెగా ఊగు, అక్కడక్కడా బయ్యా రాష్ట్రపు కార్నివాల్ దరువు, ట్రాప్ అనే హిప్‌హాప్ రకంలో వినిపించే టకటక హైహ్యాట్ తాళాలు. ఇవేవీ కొత్త కాదు. కొత్తదల్లా ఒక్కటే. ఏడుపును దాచడానికి ఆ ఎలక్ట్రానిక్ మెరుగును వాడలేదు, ఏడుపుకు అద్దంలా పెట్టారు. విడిపోయిన ప్రేమల గురించి వలవలా ఏడ్చే పాటలను బ్రెజిల్‌లో సోఫ్రెన్సియా అంటారు. అది అప్పటికి మరీలియా మెన్డోన్సా లాంటి సెర్తనేజో గాయనుల సొత్తు. గ్రామీణ, జనరంజక, కోట్ల శ్రోతల సంగీతం అది. దూదా ఆ భావాన్ని తీసుకొచ్చి రియో, సావో పాలో నగరాల్లో సింథ్ పాప్ వినే జనం ముందు పెట్టింది. అందుకే ఆమెకు ‘సోఫ్రెన్సియా పాప్ రాణి’ అని పేరొచ్చింది.

యాస సంగతి కూడా చెప్పాలి. ఈశాన్య బ్రెజిల్ యాసను దక్షిణాది నగరాలు చాలాకాలం హాస్యపాత్రలకు, పనిమనిషి పాత్రలకు వాడుకున్నాయి. దూదా రియోలో ఉంటూ కూడా ఆ యాసను చెరుపుకోలేదు. ఆల్బమ్‌లో పెద్ద హిట్టయిన పాట పేరే ఈశాన్యంలో ముద్దుగా పిలుచుకునే పిలుపు. ఇంకో పాటకు పెర్నాంబుకో రాష్ట్రపు జామపండు జామ్ పూసి పొరలు పొరలుగా చుట్టే కేకు పేరు పెట్టింది. వినడం మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: ముందు ‘త్రేమి’ వినండి, ఆ తర్వాత దీన్ని వినండి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో చెవికే తెలుస్తుంది. మెరుగు ఎక్కించే క్రమంలో ఏం పోయిందో కూడా తెలుస్తుంది. పోయింది ప్రధానంగా వేగం, ఆ పార్టీల్లోని మొరటు ఆనందం.

డబ్బు ఎక్కడినుంచి

స్వతంత్రంగా ఉంటే లాభమేమిటో బ్రెజిల్‌లో లెక్క కట్టి చెప్పొచ్చు. బహిరంగంగా మోగే సంగీతానికి రుసుము వసూలు చేసేది ఎకాద్ అనే ఒకే ఒక్క సంస్థ. రేడియోలోనో, దుకాణంలోనో ఒక రికార్డు మోగినందుకు 100 హెయాయిస్ (బ్రెజిల్ కరెన్సీ) వసూలైతే, 15 నిర్వహణకు పోతాయి. మిగిలిన 85లో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 56.7, పాట రాసి బాణీ కట్టినవారివి. మిగతా మూడో వంతు రికార్డింగుకు. అందులో గాయకులకు 41.7 శాతం, రికార్డింగు నిర్మాతకు మరో 41.7 శాతం, వాయిద్యకారులకు 16.6 శాతం. చట్టం దృష్టిలో నిర్మాత అంటే రికార్డింగు పూనుకుని ఖర్చు భరించినవారు, సాధారణంగా కంపెనీ.

ఇప్పుడు ఇద్దరు గాయకులను పక్కపక్కన పెట్టండి. వేరేవాళ్లు రాసిన పాటను కంపెనీ ఖర్చుతో పాడినవారికి ఆ వందలో వచ్చేది సుమారు 11.8. తనే రాసి, తనే పాడి, రికార్డింగు ఖర్చు తనే పెట్టుకున్నవారికి 80 దాటుతుంది. రాసినవాళ్లు, నిర్మాతలు ఇద్దరు ముగ్గురుంటే అది పంచుకోవాలి, అయినా తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత.

చిక్కల్లా పాట మోగితేనే ఈ వాటాలు. బ్రెజిల్ రేడియోల్లో డబ్బిచ్చి పాట వేయించుకునే అలవాటుకు జబా అని పేరు, దశాబ్దాలుగా అందరికీ తెలిసిన రహస్యం. కంపెనీ లేనివాళ్లు అక్కడ నిలవలేరు. ఇక స్ట్రీమింగ్‌లో వచ్చిన మొత్తాన్ని అందరి ప్లేలతో భాగించి పంచుతారు. శ్రోత కట్టిన చందా అతను విన్న గాయకుడికే పోతుందనుకోకూడదు. సెర్తనేజో పెద్దలు కోట్లలో మోగే దేశంలో, కొన్ని లక్షల ప్లేలున్న తొలి ఆల్బమ్‌కు ఆ కుండలోంచి దక్కేది చారెడు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1,000 ప్లేలు దాటని పాటకు అదీ లేదు.

మరి బతికేది ఎలా? సంగీతం బయటినుంచి వచ్చే డబ్బుతో. సెస్క్ అనే సంస్థ ఉంది. 1946లో పెట్టారు. వాణిజ్య సంస్థలు తమ జీతాల పద్దు మీద కట్టే 1.5 శాతంతో నడుస్తుంది. దానికి ఈతకొలనులు, దంత వైద్యశాలలతో పాటు దేశమంతటా మంచి వేదికలున్నాయి. సావో పాలోలో పాత ఇనుప పీపాల ఫ్యాక్టరీని ఆర్కిటెక్టు లీనా బో బార్ది మలిచిన సెస్క్ పొంపేయా వాటిలో పేరుమోసింది. టికెట్టు చవక, కళాకారుడికి పారితోషికం నికరం. బ్రెజిల్ స్వతంత్ర సంగీతానికి ఇంతకన్నా మేలు చేసిన సంస్థ లేదంటే అతిశయోక్తి కాదేమో. రెండోది పన్ను రాయితీ. 1991 నాటి హువానె చట్టం కింద, ప్రభుత్వం ఆమోదించిన కళా ప్రాజెక్టులకు కంపెనీలు తాము కట్టాల్సిన ఆదాయపు పన్నులో 4 శాతం దాకా మళ్లించవచ్చు. రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. సౌందర్య సామగ్రి సంస్థ నతూరా 2005 నుంచి ఇలాంటి రాయితీల ఆసరాతో దరఖాస్తులు పిలిచి ఎందరో స్వతంత్ర కళాకారుల ఆల్బమ్‌లకు డబ్బిస్తోంది.

ఆ ఏర్పాటు వల్ల గొప్ప రికార్డులు వచ్చాయి, కాదనను. కానీ అది ప్రజల పన్ను, ఎంపిక మాత్రం ఒక కంపెనీ ప్రచార విభాగం పిలిచిన జ్యూరీ చేతిలో. దరఖాస్తు రాయాలి, బడ్జెట్ పట్టిక వేయాలి, సమాజానికి ఏం తిరిగిస్తావో పేజీల్లో చెప్పాలి. రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకు అది చేతనవుతుంది. జబోవాతావ్ పేటలో పదిహేనేళ్ల అమ్మాయికి కాదు. ఆమెకు దొరికింది వేరే దారి. సావో పాలోలోని కొండ్‌జిల్లా అనే వీడియో నిర్మాణ సంస్థ ఆ పాటనే మెరిసే కెమెరాలతో మళ్లీ తీసి తన యూట్యూబ్ చానల్లో పెట్టింది. స్వతంత్రులు అందరూ ఎవరో ఒకరి అండతోనే నడుస్తున్నారు. ఆ అండ కోసం ఏ భాషలో, ఏ కాగితం మీద అడగాల్సి వస్తుందన్న దగ్గరే ఇద్దరి దారులూ చీలుతున్నాయి.

ఇందుకు దూదాను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె బ్రెగాను ఎగతాళిగా వాడలేదు, ఎక్కడినుంచి తెచ్చుకున్నదో దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో చెబుతూనే వచ్చింది. 2019లో సావో పాలో లొలపలూజా సంగీతోత్సవ వేదిక మీద ఆమె పాడినప్పుడు, ఒకప్పుడు వంటింటి రేడియోకే పరిమితమైన ఆ ఊగు ఖరీదైన టికెట్టు కొన్న జనం ముందుకు వచ్చింది. 2021లో తొలి సోలో ఆల్బమ్ ‘జి ప్రిమేరా’తో మీనాస్ జెరాయిస్ రాష్ట్రపు చిన్న ఊరినుంచి వచ్చిన మరీనా సేనా దూసుకుపోగలిగిందంటే, యాసతో పాడే సింథ్ పాప్‌కు మార్కెట్ ఉందని ముందే ఎవరో చూపించి ఉండటం వల్ల కూడా.

ఇక బెలేంకి తిరిగొస్తే, గాబీ అమరాంతోస్ తన పాత బృందపు రోజుల టెక్నోబ్రెగాను మళ్లీ పాడి ‘టెక్నో షో’ పేరుతో ఆల్బమ్ చేసింది. 2023లో దానికి లాటిన్ గ్రామీ వచ్చింది. బహుమతి వచ్చిన విభాగం పోర్చుగీసు భాషా మూల సంగీతం. చవక కంప్యూటర్‌లో, పైరేటెడ్ సీడీల మీద పెరిగిన దరువుకు ఇరవై ఏళ్లలో జానపద హోదా దక్కింది. అలాంటి యంత్రాలతోనే రియోలో చేసిన ‘సింతు ముయింతు’ మాత్రం ఇప్పటికీ పాప్ అరలోనే ఉంది, ఇండీ చీటీతో.